పావు రోజు పేచీ: లీపు సంవత్సరం, అధిక మాసం, జరుగుతున్న సంక్రాంతి

ఏటా ఏప్రిల్ 15 వచ్చిందంటే విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోట్లన్నీ లంగరు వేసుకుంటాయి. జూన్ 14 వరకు, మొత్తం 61 రోజులు, తూర్పు తీరమంతటా సముద్రంలో వేట నిషేధం అమల్లో ఉంటుంది. చేపలు, రొయ్యలు గుడ్లు పెట్టే కాలంలో వాటి జోలికి పోకూడదన్నది ఈ నిబంధన ఉద్దేశం. ఉత్తర్వులో ఉన్నవి మాత్రం రెండు తేదీలే. గుడ్లు పెట్టడం ఆధారపడేది నీటి వేడి మీద, ప్రవాహాల మీద, అంటే ఋతువు మీద. తేదీ రాసుకుంటే ఋతువు కూడా రాసుకున్నట్టేనన్న ధీమాతో ఉత్తర్వులు ఇవ్వగలుగుతున్నామంటే, అది ఫిబ్రవరికి అప్పుడప్పుడు ఇరవై తొమ్మిదో రోజు కలుపుతున్నందువల్లే.

ఆ రోజు కలపడం మానేశామనుకుందాం. ఋతుచక్రం ఒకసారి పూర్తి కావడానికి 365 రోజుల 5 గంటల 48 నిమిషాల 45 సెకన్లు పడుతుంది. క్యాలెండరు 365 రోజులకే ఏడాది ముగిసిందని ప్రకటిస్తే, అది ఏటా దాదాపు ఆరు గంటలు తొందరపడినట్టు లెక్క. నాలుగేళ్లకు ఒక రోజు, వందేళ్లకు 24 రోజులు, రెండు వందల నలభై ఏళ్లకు 58 రోజులు. అప్పటికి ఉత్తర్వులో ఏప్రిల్ 15 అని ఉన్న రోజున బయట ఫిబ్రవరి నడిమి వాతావరణం ఉంటుంది. బోట్లు చలికాలం చివర ఒడ్డున కూర్చుని, సరిగ్గా చేపలు గుడ్లు పెట్టే వేళకు వేటకు బయలుదేరుతాయి. ఒక్క అక్షరం మార్చకుండానే ఉత్తర్వు అర్థం తలకిందులవుతుంది.

ఏడాదిలో రోజులు పూర్ణసంఖ్యగా ఎందుకు లేవన్నది చాలామంది అడిగే ప్రశ్న. ఉండాల్సిన అవసరం ఏమీ లేదన్నదే జవాబు. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగానికీ, సూర్యుడి చుట్టూ తిరిగే వేగానికీ మధ్య ఏ సంధానమూ లేదు. ఒకటి రోజును ఇస్తుంది, రెండోది ఏడాదిని ఇస్తుంది, మొదటిదాన్ని రెండోదానిలోకి భాగిస్తే శేషం మిగలకూడదన్న నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. చంద్రుడి నెల (29.53 రోజులు) మూడో స్వతంత్ర లెక్క. ఈ మూడింటినీ ఒకే పట్టికలో ఇమడ్చడానికి మనిషి పడిన అవస్థల చరిత్రే క్యాలెండర్ల చరిత్ర.

ఈ ఆరు గంటల తేడాను విశాఖలోనే, ఒక కర్రతో చూడవచ్చు. మన ఊరు భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 17.7 డిగ్రీల మీద ఉంది. మేడ మీద చదునైన గచ్చు చూసుకుని ఒక మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి (బీచ్ ఇసుకలో నిటారుగా నిలవదు, ప్రయత్నించనక్కర్లేదు) మిట్టమధ్యాహ్నం దాని నీడ కొలిస్తే, డిసెంబరు 21, 22 తేదీల్లో 87 సెంటీమీటర్లు ఉత్తరం వైపు పడుతుంది. ఏడాదిలో అదే అతి పొడవైన మధ్యాహ్నపు నీడ. మార్చి 20, 21 నాటికి, రాత్రీ పగలూ సమానమయ్యే విషువత్తు వేళకు, అది 32 సెంటీమీటర్లకు తగ్గుతుంది. మే రెండో వారంలో ఒక రోజు నీడ పూర్తిగా కర్ర కిందికి చేరి మాయమవుతుంది, జూన్ 21 నాటికి పది సెంటీమీటర్ల నీడ దక్షిణం వైపు తిరుగుతుంది, ఆగస్టు మొదటి రోజుల్లో మరోసారి మాయమై మళ్లీ ఉత్తరానికి మళ్లుతుంది. ఋతువు అంటే ఈ నీడే, అంటే సూర్యకిరణం నేలను ఏ వాలులో తాకుతోందన్నదే. భూమి సూర్యుడికి ఎంత దూరంలో ఉందన్న దానితో దీనికి దాదాపు సంబంధం లేదు. జనవరి మొదట్లో భూమి సూర్యుడికి అత్యంత దగ్గరగా ఉంటుంది, మనకు మాత్రం అది చలికాలం.

విషువత్తు దగ్గర ఈ నీడ రోజుకు సుమారు 8 మిల్లీమీటర్లు మారుతుంది. అందుకే లీపు లెక్కను పట్టుకోవడానికి అదే మంచి సమయం. ఈ ఏడాది మార్చి 21 మధ్యాహ్నం నీడ చివర గుర్తు పెట్టి, వచ్చే ఏడాది అదే తేదీన చూస్తే, సూర్యుడు గత ఏడాది చేరిన చోటికి చేరడానికి ఇంకా ఆరు గంటల ప్రయాణం మిగిలి ఉంటుంది కాబట్టి నీడ 2 మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటుంది. ఆ మరుసటి ఏడు మరో 2. ఫిబ్రవరి 29 వచ్చిన ఏడాది, పోగైన తేడా మొత్తం ఒక్కసారిగా చెల్లి, నీడ మళ్లీ పాత గుర్తు దగ్గరికి వస్తుంది. లీపు రోజు లేని క్యాలెండరులో వందేళ్ల తరువాత మార్చి 21న ఆ నీడ 32 సెంటీమీటర్లకు బదులు అర మీటరు దాటుతుంది. మీటరు కర్రతో చిక్కేమిటంటే, సూర్యబింబానికి వెడల్పు ఉన్నందువల్ల నీడ అంచు సెంటీమీటరు మేర మసకబారుతుంది, ఏటేటా వచ్చే 2 మిల్లీమీటర్ల తేడా ఆ మసకలో కలిసిపోతుంది. అందుకే పూర్వపు ఖగోళజ్ఞులు ఎత్తైన స్తంభాలు వాడారు, లేదా అనేక ఏళ్ల నాటి పరిశీలనను తమ పరిశీలనతో పోల్చి తేడాను ఏళ్ల సంఖ్యతో భాగించారు. అలా భాగించే క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో హిప్పార్కస్ అనే గ్రీకు ఖగోళజ్ఞుడు, ఏడాది 365 రోజుల పైన సరిగ్గా పావు రోజు కాదని, పావు రోజులో మరో మూడు వందలవ వంతు రోజు తగ్గించాలని తేల్చాడు. ఇక పరికరాల కాలానికి వస్తే మన ఊరూ వెనకబడలేదు: గోడే వెంకట జగ్గారావు 1840లో డాబాగార్డెన్స్‌లో సొంత వేధశాల నెలకొల్పారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించి, 1874 డిసెంబరు 9న శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని ఇక్కడి నుంచే పరిశీలించారు.

లీపు రోజును క్యాలెండరులో స్థిరపరచినవాడు జూలియస్ సీజర్. అంతకుముందు రోమన్ల ఏడాదికి 355 రోజులు. లోటు పూడ్చడానికి అప్పుడప్పుడు ఒక నెల చేర్చే అధికారం పూజారి వర్గానికి ఉండేది; తమవాళ్ల పదవీకాలం పొడిగించడానికి చేర్చడం, గిట్టనివాళ్లది కుదించడానికి ఎగ్గొట్టడం మామూలైపోయి, తేదీలు ఋతువులకన్నా దాదాపు మూడు నెలలు ముందుకు పరుగెత్తాయి. అలెగ్జాండ్రియాకు చెందిన సోసిజెనీస్ సలహా మీద సీజర్ క్రీ.పూ. 46వ సంవత్సరాన్ని ఏకంగా 445 రోజులకు సాగదీసి, ఆపైన నాలుగేళ్లకోసారి ఒక రోజు కలపాలని శాసించాడు. ఒకప్పుడు రోమన్ల ఏడాది మార్చితో మొదలయ్యేది కాబట్టి ఫిబ్రవరి చివరి నెల. సర్దుబాట్లన్నీ దాని నెత్తిన పడటం అప్పటి అలవాటే. అంత సులువైన నియమాన్ని కూడా పూజారులు తప్పుగా అమలు చేశారు. రోమన్లు లెక్కపెట్టేటప్పుడు మొదటిదాన్ని కూడా కలుపుకుంటారు కాబట్టి 'నాలుగో ఏట' అన్నది వాళ్ల లెక్కలో మూడేళ్లకోసారి అయింది. మనకిది వింతగా తోచనక్కర్లేదు, పదకొండో రోజు కార్యానికి మనమూ మొదటి రోజును కలుపుకునే లెక్కిస్తాం. 36 ఏళ్లలో తొమ్మిది రావలసిన లీపు సంవత్సరాలు పన్నెండు వచ్చాయి. తరువాత అగస్టస్ చక్రవర్తి మూడు లీపు సంవత్సరాలను ఆపించి దాన్ని సరిచేశాడు.

సీజర్ ఏడాది సగటున 365.25 రోజులు. హిప్పార్కస్ చెప్పిన సన్నని తగ్గింపును సీజర్ వదిలేశాడు. ఆ వదిలేసినది ఏటా 11 నిమిషాల పైచిలుకు. ఒక మనిషి జీవితకాలంలో దీన్ని ఎవరూ గమనించరు, 128 ఏళ్లకు మాత్రం ఒక రోజు అవుతుంది. క్రీ.శ. 325లో నైసియాలో జరిగిన క్రైస్తవ మతసభ నాటికి వసంత విషువత్తు మార్చి 21 ప్రాంతంలో ఉండేది, ఈస్టర్ పండుగ లెక్కకు అదే ఆధారం. పదహారో శతాబ్దానికి అది మార్చి 11కు జారింది. పదమూడో గ్రెగరీ పోపు 1582లో ఆ పది రోజులనూ తీసేశాడు: ఆ ఏడు అక్టోబరు 4 గురువారం తరువాతి రోజు అక్టోబరు 15 శుక్రవారం. అలోయిసియస్ లిలియస్ అనే ఇటలీ వైద్యుడు రూపొందించిన పథకాన్ని క్రిస్టఫర్ క్లావియస్ అనే గణితజ్ఞుడు సమర్థించి నిలబెట్టాడు. శతాబ్ది సంవత్సరాల్లో 400తో భాగించబడేవి మాత్రమే లీపు, మిగిలినవి కావు. అంటే 400 ఏళ్లలో వంద లీపు సంవత్సరాలకు బదులు 97. ఏడాది సగటు 365.2425 రోజులైంది. మన మాజీ ప్రధాని మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న పుట్టారు; 1900 లీపు కాదు కనుక ఆ తేదీ మళ్లీ రావడానికి ఆయనకు ఎనిమిదేళ్లు పట్టింది.

ఈ సంస్కరణ ఎక్కడో యూరప్ గొడవ అనుకుంటాం గాని, దాని చిక్కు మన తీరానికీ తగిలింది. పదిహేడో శతాబ్దం చివరి దశాబ్దాల్లో భీమునిపట్నంలో డచ్చివాళ్లు, విశాఖపట్నంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ వాళ్లు ఒకే కాలంలో వర్తకస్థావరాలు నడిపారు. హాలండ్ గ్రెగోరియన్ లెక్కను మొదట్లోనే స్వీకరించింది. ఇంగ్లండు, పోపు చెప్పినదన్న కారణానికే, సీజర్ లెక్కనే అంటిపెట్టుకుంది. ఫలితంగా ఒక పూట ప్రయాణంలో ఉన్న ఈ రెండు ఊళ్ల లెడ్జర్లలో ఒకే రోజుకు పది రోజుల తేడాతో రెండు తేదీలు. 1700లో ఇంగ్లీషువాళ్లు ఫిబ్రవరి 29 కలిపారు, డచ్చివాళ్లు కలపలేదు, తేడా పదకొండైంది. బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసి 1752 సెప్టెంబరు 2 తరువాతి రోజును 14గా ప్రకటించేదాకా ఇదే వరస. ఆ చట్టం ఆసియాలోని బ్రిటిష్ ప్రాంతాలకు కూడా వర్తిస్తుందని అందులోనే రాశారు.

గ్రెగోరియన్ లెక్కలో కూడా ఏటా 27 సెకన్ల దాకా తేడా మిగులుతుంది, దాదాపు 3,200 ఏళ్లకు ఒక రోజు. దీన్ని ఇంకా సన్నగా చెక్కిన నియమాలు ఉన్నాయి. ఇరాన్ క్యాలెండరు అసలు నియమమే పెట్టుకోకుండా, సూర్యుడు విషువత్తును దాటే క్షణాన్ని బట్టి కొత్త ఏడాదిని నిర్ణయిస్తుంది, లీపు రోజు దానంతటదే వచ్చి పడుతుంది. ఖచ్చితత్వంలో దానిదే పైచేయి. అయితే రాబోయే లీపు ఏడాది ఏదో చెప్పడానికి ఖగోళ గణితం చేయాలి. 4తో, 400తో భాగించడం బడిపిల్లవాడికీ వచ్చు. నిత్యవ్యవహారానికి రెండోదే మేలని నా అభిప్రాయం. లీపు సెకను సంగతి వేరు. భూభ్రమణం అణు గడియారంతో సరిగా నడవకపోవడం వల్ల 1972 నుంచి 27 సార్లు కలిపినది అది. ఋతువులతో దానికి సంబంధం లేదు.

ఇక మన గోడకు వేలాడే తెలుగు క్యాలెండరు సంగతి. దాని మీద ఇంగ్లీషు తేదీతో పాటు తిథి, నక్షత్రం, మాసం ఉంటాయి, అంటే ఒకే కాగితం మీద వేర్వేరు లెక్కలు నడుస్తుంటాయి. చాంద్రమాన ఏడాదికి 354 రోజులే, సూర్యుడి ఏడాదికి సుమారు 11 రోజులు తక్కువ. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న, 2026లో మార్చి 19న రావడం ఈ వెనక్కి జరగడమే. దీన్ని ఇలాగే వదిలేస్తే ఏమవుతుందో చెప్పడానికి సింహాచలం చాలు. అప్పన్న నిజరూప దర్శనమిచ్చే చందనోత్సవం వైశాఖ శుద్ధ తదియనాడు, మండు వేసవిలో వస్తుంది: 2024లో మే 10, 2025లో ఏప్రిల్ 30. ఏ సవరణా లేకపోతే పదహారేళ్లలో ఆ తదియ ఆరు నెలలు వెనక్కి జరిగి, కొత్త చందనం పూత నవంబరు చలిలో జరిగేది. అలా జరగకుండా కాపాడేది అధిక మాసం. సూర్యుడు ఒక రాశి నుంచి మరో రాశిలోకి ప్రవేశించే సంక్రమణం ఏ చాంద్ర మాసంలో లేదో ఆ మాసం అధికం. సూర్యుడు ఒక రాశిలో సగటున 30.4 రోజులు ఉంటాడు, చాంద్ర మాసం 29.5 రోజులు, ఈ తేడా పోగై సుమారు 32, 33 నెలలకు ఒక మాసం సంక్రమణం లేకుండా జారిపోతుంది. 2023లో శ్రావణం, 2026లో జ్యేష్ఠం అలా అధికాలయ్యాయి. లీపు రోజుకు మనుషులు పెట్టిన నియమం ఉంది. అధిక మాసానికి నియమం ఆకాశంలోనే ఉంది, లెక్క తనను తాను సరిచేసుకుంటుంది. 19 ఏళ్లలో ఇవి ఏడు వస్తాయి.

హిజ్రీ క్యాలెండరు ఈ సవరణ వద్దనుకుంది. అందుకే రంజాన్ మాసం ఏటా పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ సుమారు 33 ఏళ్లలో అన్ని ఋతువులనూ చుట్టి వస్తుంది. దాన్ని లోపం అనకూడదు, ఆ క్యాలెండరు అనుసరిస్తానని చెప్పుకున్నది చంద్రుణ్ణి మాత్రమే. క్యాలెండరు తప్పా ఒప్పా అని తేల్చేముందు, అది దేన్ని అనుసరిస్తానందో అడగాలి. ఈ ప్రశ్న అడగకపోవడం వల్లనే సంక్రాంతి విషయంలో మనం ఏటా తికమక పడుతున్నాం.

మకర సంక్రాంతి చంద్రుడి పండుగ కాదు, సూర్యుడు మకర రాశిలో ప్రవేశించే క్షణం. ఆకాశంలో కనిపించే స్థానాలతో సరిచూసే దృక్సిద్ధ గణితం ప్రకారం ఆ ప్రవేశం 2021లో జనవరి 14 ఉదయం ఎనిమిదిన్నరకు, 2022లో 14 మధ్యాహ్నం మూడు గంటలకు కాస్త ముందు, 2023లో 14 రాత్రి తొమ్మిది కావస్తుండగా, 2024లో 15 తెల్లవారుజామున మూడు కావస్తుండగా జరిగింది. ఏటా ఆరు గంటలు ఆలస్యం. 2024 ఫిబ్రవరికి 29వ రోజు కలిసింది, 2025లో ప్రవేశం మళ్లీ జనవరి 14 ఉదయం తొమ్మిది దాటాక వచ్చింది. సంక్రాంతి 14కా 15కా అన్న వాదనలో సగం ఈ ఆరు గంటల ఊగిసలాటే. మిగతా సగం, ప్రవేశం సాయంత్రం తరువాత జరిగితే పండుగ ఏ రోజున చేయాలన్న ధర్మశాస్త్ర విచారణ, పాత గ్రంథాల లెక్కతో సాగే పూర్వసిద్ధాంత పంచాంగానికీ దృక్సిద్ధ పంచాంగానికీ గడియల్లో వచ్చే తేడా.

ఇందులో మరో తేడా దాగి ఉంది. 2021లో ఎనిమిదిన్నర, నాలుగేళ్ల తరువాత లీపు రోజు కలిశాక కూడా తొమ్మిది దాటింది. అరగంట పైచిలుకు మిగిలిపోయింది, అది వెనక్కి రాదు. కారణం, మన సంక్రమణాల లెక్క విషువత్తును బట్టి కాక నక్షత్రాలను బట్టి సాగుతుంది. భూమి అక్షం తిరుగుతున్న బొంగరం తల ఊగినట్టు సుమారు 26,000 ఏళ్లకు ఒక చుట్టు చొప్పున ఊగుతున్నందువల్ల, విషువత్తు నక్షత్రాల మధ్య ఏటా కొద్దిగా వెనక్కి జరుగుతుంది. సూర్యుడు నక్షత్రాల మధ్య అదే చోటికి తిరిగి రావడానికి 365 రోజుల 6 గంటల 9 నిమిషాలు కావాలి. ఋతుచక్రం కన్నా ఇరవై నిమిషాలు ఎక్కువ. ఋతువులను పట్టుకున్నది సాయన సంవత్సరం, నక్షత్రాలను పట్టుకున్నది నిరయన సంవత్సరం. రెండూ సూర్యుడివే, రెండూ నిజమైనవే, సుమారు 71 ఏళ్లకు ఒక రోజు చొప్పున ఒకదానికొకటి దూరమవుతున్నాయి. సూర్యసిద్ధాంతమనే ప్రాచీన ఖగోళ గ్రంథంలోని ఏడాది మరో మూడు నిమిషాలు పెద్దది కాబట్టి ఆ లెక్కలో సుమారు 60 ఏళ్లకే రోజు జరుగుతుంది.

క్రీ.శ. మూడో శతాబ్దం చివర మకర సంక్రమణమూ ఉత్తరాయణ ప్రారంభమూ ఒకే రోజున కలిశాయి. ఇప్పుడు వాటి మధ్య 24 రోజుల ఎడం ఉంది. మళ్లీ ఆ మీటరు కర్ర దగ్గరికి వెళ్తే, డిసెంబరు చివర్లో 87 సెంటీమీటర్లున్న మధ్యాహ్నపు నీడ సంక్రాంతి నాటికి 81కి తగ్గి ఉంటుంది. సూర్యుడు ఉత్తరానికి మళ్లి మూడు వారాలు దాటిందన్నమాట. రైతుల కార్తెలు కూడా నక్షత్రాల లెక్కే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న సామెత ఈనాడు సరిపోతోంది, ఎందుకంటే రోహిణి మే 25 ప్రాంతంలో మొదలవుతోంది. మరో రెండు వేల ఏళ్లకు అది జూన్ మూడో వారం దాటాక మొదలవుతుంది. అప్పటికీ నైరుతి ఋతుపవనాల రాక ఇప్పటిలాగే ఉంటే, ఉత్తరాంధ్రలో రోహిణి వానల కార్తె అవుతుంది.

దీన్ని సరిచేయాలన్న ఆలోచన లేకపోలేదు. 1952లో కేంద్రం నియమించిన క్యాలెండరు సంస్కరణ సంఘానికి భౌతికశాస్త్రవేత్త మేఘనాథ్ సాహా అధ్యక్షులు. 1955లో వచ్చిన ఆ సంఘం నివేదిక ఆధారంగా 1957 మార్చి 22 నుంచి, శక సంవత్సరం 1879 చైత్రం 1గా, జాతీయ క్యాలెండరు అమల్లోకి వచ్చింది. ఇది సాయన లెక్క: చైత్రం మామూలుగా మార్చి 22న, లీపు ఏట మార్చి 21న మొదలై ఆ ఏడు 31 రోజులు ఉంటుంది. భారత రాజపత్రం మీద ఆ తేదీ నేటికీ కనిపిస్తుంది, ఇళ్లలో మాత్రం ఎవరూ దాన్ని పట్టించుకోరు. నా మట్టుకు నాకు ఇందులో తప్పు కనిపించదు. సంక్రాంతిని డిసెంబరు 21కి తెస్తే ఉత్తరాయణం సరిపోతుంది, కానీ ఆ రోజున సూర్యుడి వెనకున్న నక్షత్రాలు మకర రాశివి కావు; పైగా కోతలు ముగిసి కొత్త ధాన్యం ఇంటికి చేరే పండుగను మూడు వారాలకు పైగా ముందే చేసుకోమంటే ఏ రైతూ ఒప్పుకోడు. వేట నిషేధానికి ఋతువు కావాలి, పంచాంగానికి నక్షత్రం కావాలి. ఒకే లెక్క రెండు పనులూ చేయలేదు.

ఈ రెండు లెక్కలూ మళ్లీ గట్టిగా తగులుకునేది 2100లో. వివేకానందులు పుట్టిన 1863 జనవరి 12న మకర సంక్రాంతి. 1900లో లీపు రోజు ఎగ్గొట్టడంతో పండుగ ఒక్కసారిగా ఒక తేదీ తరువాతికి జరిగింది. 2000 సంవత్సరం 400తో భాగించబడుతుంది కనుక అప్పుడు ఆ జరుగుడు రాలేదు. 2100 ఫిబ్రవరి 28 ఆదివారం తరువాత సోమవారం మార్చి 1 అవుతుంది. ఆ మరుసటి ఏడు నుంచి సూర్యుడి మకర ప్రవేశం జనవరి 15, 16 తేదీల మధ్య ఊగిసలాడుతుంది, భోగి మంటల తేదీ కూడా అందుకు తగ్గట్టు జరుగుతుంది.